నరికేది ఏ కత్తి, దెబ్బకి ఆగేది ఏ కత్తి: పెద్ద ఫిక్స్‌డ్ బ్లేడ్‌లని మీరే పోల్చి చూసుకోవడం ఎలా

మడత లేకుండా ఒరలో పెట్టుకునే పెద్ద అవుట్‌డోర్ కత్తి అనగానే అందరూ ముందు చూసేది వెన్ను మందం. ఆరు మిల్లీమీటర్లు ఉందా, ఇంకేం, ఇది ట్యాంకు అనేస్తారు. కానీ ఆ మందాన్ని చూసి కత్తి బాగా నరుకుతుందో లేదో అసలు చెప్పలేం, దెబ్బకి ఆగుతుందో లేదో కూడా సగమే చెప్పగలం, ఎందుకంటే చెక్కకి తగిలేది వెన్ను కాదు, అంచు. వెన్ను ఎంత లావున్నా అంచు మీద పెచ్చు లేచిందంటే ఆ రోజుకి ఆ కత్తి పని అయిపోయినట్టే.

ఇంకోటి, నరకడం వేరు, తట్టుకోవడం వేరు. నరకడం అంటే దెబ్బకి ఎంత లోతు దిగుతుంది, ఎంత పేళ్లు ఎగరగొడుతుంది అని. తట్టుకోవడం, అంటే టఫ్‌నెస్, అదే పని చేస్తుంటే అంచు ఎగిరిపోకుండా బ్లేడ్ విరక్కుండా ఉండటం. ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి, అంచు దగ్గర సన్నం చేస్తే లోతుకి పోతుంది కానీ ముడి తగలగానే భయం, లావుగా వదిలేస్తే భయం లేదు కానీ ఒక్కో దెబ్బకి సగం లోతే. అందుకని ఒకే మార్కు వేసి ఫలానా కత్తి నెంబర్ వన్ అనడం కుదరదు, రెండు పరీక్షలూ విడివిడిగా పెట్టి రెండు మార్కులూ పక్కపక్కన రాసుకోవాలి.

ఏ కత్తులు ఈ పోటీకి వస్తాయో ముందే అనుకోండి. బ్లేడ్ పొడవు సుమారు 15 నుంచి 25 సెం.మీ. ఉన్నవి ఒక గుంపు. మోరా గార్‌బెర్గ్ లాంటివి చాలా మంచి కత్తులు, కానీ 11 సెం.మీ. బ్లేడ్, 3.2 మి.మీ. మందం, దాన్ని తెచ్చి నరుకుడు పోటీలో నిలబెట్టి ఓడిపోయిందనడం అన్యాయం. అలాగే మాచెటీ వేరే జాతి, రెండు మూడు మిల్లీమీటర్ల రేకు, మెత్తటి ఉక్కు, వేగం మీద పని చేస్తుంది, పచ్చి తుప్పలు కొట్టడానికి దాన్ని మించింది లేదు గానీ ఎండు దుంగ మీద ఎగిరెగిరి పడుతుంది.

కొట్టే ముందు కొలవండి

టెస్ట్ అనగానే దుంగ మీదికి ఉరకొద్దు. ముందు ఒక కాగితం తీసుకుని ఒక్కో కత్తికి ఐదు విషయాలు రాసుకోండి: బరువు, బ్లేడ్ పొడవు, తూకం ఎక్కడ నిలుస్తుంది, వెన్ను మందం, అంచు వెనక మందం. ఈ ఐదూ ఉంటే తర్వాత వచ్చే ఫలితాల్లో సగం మీకు ముందే అర్థమైపోతాయి.

బరువు ఒక్కటే చూస్తే ఎలా పప్పులో కాలేస్తామో చెప్పడానికి కా-బార్ కంపెనీ బెకర్ కత్తుల్లో ఒక జంట బాగుంటుంది. బీకే2 బ్లేడ్ 13 సెం.మీ. కాస్త పైన, మందం 6 మి.మీ. పైనే. బీకే9 బ్లేడ్ దాదాపు 23 సెం.మీ., మందం 5 మి.మీ. అటూ ఇటూ. రెండూ తూకం వేస్తే ఇంచుమించు ఒకటే, అరకిలోకి కొంచెం తక్కువ. ఉక్కూ ఒకటే, 1095 క్రో-వాన్. కానీ చేతిలో పట్టుకుని ఒక్క దెబ్బ కొడితే చాలు, బీకే9 ముందు బీకే2 నిలబడదు. ఎందుకంటే బీకే2 బరువంతా పిడి దగ్గరే ముద్దగా ఉంది, బీకే9 అదే బరువుని దూరంగా సాగదీసింది. చెయ్యి అదే వేగంతో తిరిగినా దూరంగా ఉన్న ఇనుము ఎక్కువ వేగంతో పోతుంది, వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగింతలు. ఇంత చిన్న లెక్క మర్చిపోయి లావు కత్తి కొని, ఇది నరకట్లేదేంటి అని తలపట్టుకునేవాళ్లు చాలామంది.

తూకం చూడటం తేలికే. చూపుడు వేలు మీద కత్తిని అడ్డంగా పెట్టి అటూ ఇటూ జరపండి, ఎక్కడ నిలిస్తే అది తూకం. పిడి మొదలయ్యే చోటే నిలిచిందంటే చెక్కడానికీ సన్న పనికీ సుఖంగా ఉంటుంది, పిడికి రెండు మూడు సెం.మీ. ముందుకి పోయిందంటే అది నరకడానికి కట్టిన కత్తి. ఖుక్రీ చూడండి, బ్లేడ్ ముందుకి వంగి పొట్ట దగ్గర వెడల్పవుతుంది, పొడవు మరీ ఎక్కువ లేకుండానే బరువుని ముందుకి తోయడానికే ఆ ఆకారం.

అంచు వెనక మందం అంటే పదును పెట్టిన సన్నటి పట్టీ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడ బ్లేడ్ ఎంత లావుంది అని. కాలిపర్‌తో కొలవండి, డిజిటల్‌ది ఉంటే మంచిది, ఒక్క చోట కాదు, మొన వైపు, నడుమ, పిడి వైపు మూడు చోట్ల. ఇలాంటి పెద్ద కత్తుల్లో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా కనిపిస్తుంది, కొన్ని ఇంకా లావు. నన్నడిగితే ఈ ఐదిట్లో ముఖ్యమైన అంకె ఇదే, చిత్రం ఏంటంటే దాదాపు ఏ కంపెనీ కూడా బాక్స్ మీద వేయదు. వెన్ను 5 మి.మీ. ఉన్న రెండు కత్తుల్లో ఒకటి వెన్ను నుంచి అంచు దాకా సాఫీగా వాలిపోయి ఉంటుంది, దాన్ని ఫుల్ ఫ్లాట్ గ్రైండ్ అంటారు, ఇంకోటి సగం దాకా లావుగానే వచ్చి అక్కడ్నుంచి గబుక్కున వాలుతుంది, అది సేబర్ గ్రైండ్. రెండిట్లో వెన్ను అంకె ఒకటే, చెక్కలో నడక మాత్రం పూర్తిగా వేరు. మూడోది కాన్వెక్స్, అంచు రెండు వైపులా కొద్దిగా ఉబ్బి కలుస్తుంది, ఫాల్‌క్నివెన్ ఏ1 అలాంటిది, 6 మి.మీ. మందం, 16 సెం.మీ. బ్లేడ్, లామినేట్ చేసిన వీజీ10 ఉక్కు, అంటే గట్టి ఉక్కు నడుమ పెట్టి రెండు పక్కలా మెత్తటి స్టెయిన్‌లెస్ పొరలు అతికించినది.

పదును ఒకటే చేయకపోతే మొత్తం వృథా

ఎక్కువమంది ఇక్కడే దారి తప్పుతారు. బాక్స్ లోంచి తీసిన కత్తిని తీసినట్టే పోల్చేస్తారు. ఒకదానికి ఫ్యాక్టరీ వాళ్లు ఒక్కో వైపు 17 డిగ్రీలు పెట్టి ఉంటారు, ఇంకోదానికి 25, అప్పుడు మీరు పోలుస్తున్నది కత్తుల్ని కాదు, ఆ రోజు ఆ బెల్ట్ గ్రైండర్ దగ్గర నిలబడిన ఇద్దరు మనుషుల్ని. పైగా బెల్ట్ మీద పదును పెట్టేటప్పుడు చివరి అంచు వేడెక్కి గుణం కోల్పోయే అవకాశం ఉంది, కొత్త కత్తి మొదటి రోజు పెచ్చులు లేచి, రెండు మూడు సార్లు సానపెట్టాక బుద్ధిగా నడవడం అందుకే. కాబట్టి మొదటి పెచ్చు చూసి ఉక్కుని తిట్టకండి.

అన్ని కత్తులకీ ఒక్కో వైపు 20 డిగ్రీలు పెట్టండి, ఈ పనికి అది మధ్యస్తమైన కోణం. కోణం కొలిచే పరికరం లేకపోయినా పర్లేదు, బ్లేడ్ వెడల్పులో మూడో వంతు ఎత్తుకి వెన్నుని సానరాయి మీద నుంచి లేపితే దాదాపు 20 డిగ్రీలు వస్తుంది, అంటే 4.5 సెం.మీ. వెడల్పు బ్లేడ్‌కి ఒకటిన్నర సెం.మీ. ఎత్తు. ఇప్పుడు పదును పట్టీ మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూసి రెండు మూడు సార్లు మెల్లగా రుద్ది చూడండి. సిరా పట్టీ పైభాగంలో మాత్రమే పోయిందంటే కత్తికి ఉన్న కోణం మీ 20 కంటే మొద్దుగా ఉందని, అంచు చివర మాత్రమే పోయిందంటే మీ చెయ్యి ఎక్కువ లేచిందని. మొత్తం సమంగా పోయేదాకా రుద్దాలి, విసుగ్గానే ఉంటుంది, లావు కత్తులకైతే ముతక రాయి మీద చాలా సేపు పడుతుంది. కాన్వెక్స్ వాటికి చదునైన రాయి పెట్టి ఆ ఉబ్బు చెడగొట్టకండి, మెత్తటి అట్ట మీద ఎమెరీ పేపర్ పరిచి అంచుని వెనక్కి లాగుతూ రుద్దండి.

చివరికి అన్నీ ఒకే రాయి మీద ముగించాలి, ఒకటి అద్దంలా ఇంకోటి గరుగ్గా ఉండకూడదు. కాగితం గాల్లో పట్టుకుని కోస్తే ఎక్కడా పట్టుకోకుండా జారిపోవాలి, అదీ లెక్క. ఇదే కాగితం పరీక్ష తర్వాత మళ్లీ కావాలి కాబట్టి ఎలా కోసిందో గుర్తు పెట్టుకోండి.

నరుకుడు

దుంగ ఒకటే ఉండాలి. రకం ఒకటే ఉంటే సరిపోదు, అదే దుంగ కావాలి, ఎందుకంటే ఒకే చెట్టులో కూడా ఒక కొమ్మ ఇంకో కొమ్మలా ఉండదు. మణికట్టు కంటే లావు, 8 నుంచి 10 సెం.మీ., ముడులు లేని భాగం చూసుకోండి. పచ్చిది ఒకటి, బాగా ఎండింది ఒకటి దొరికితే రెండూ పెట్టండి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. దుంగ కింద ఇంకో పెద్ద మొద్దు ఉండాలి, ఉత్త నేల మీద పెడితే దెబ్బంతా మట్టిలోకి పోతుంది, రెండు చివర్లు ఆనించి మధ్యలో కొడితే స్ప్రింగులా ఎగురుతుంది, పైగా కత్తి నేలకి తగిలి రాయి మీద పడిందంటే పరీక్షే అయిపోతుంది.

జాగ్రత్త గురించి ఒక్కసారే చెప్తా. మోకాళ్ల మీద కూర్చుని కొట్టండి, అప్పుడు తప్పిన దెబ్బ నేలకి తగులుతుంది గానీ కాలికి కాదు. కళ్లద్దాలు, మూసిన బూట్లు. చుట్టూ రెండు చేతుల దూరంలో మనిషి ఉండకూడదు, కింద ఆసరాగా ఎడమ చెయ్యి పెట్టే అలవాటుంటే మానేయండి. పిడి చివరి తాడుని మణికట్టుకి చుట్టుకోవద్దు, చెయ్యి జారితే ఆ తాడే కత్తిని తిప్పి మీ వైపుకే తెస్తుంది.

కొట్టడం పిడి వెనక భాగంలో పట్టుకుని, మూడు వేళ్లు వదులుగా ఉంచి, కత్తి తగిలే క్షణంలో బిగించాలి. బలం పెట్టి బాదేవాళ్లకి ప్రతి కత్తీ ఒకేలా కనిపిస్తుంది, బరువుని తన పని తనని చేసుకోనిస్తేనే తేడా బయటపడుతుంది. దెబ్బ నిటారుగా పడితే లోపలికి దిగి ఇరుక్కుంటుంది, 45 డిగ్రీల ఏటవాలుగా ఒకటి ఇటు, ఒకటి అటు కొట్టాలి, పైన గాటు వెడల్పు దుంగ లావంత ఉండాలి, లేకపోతే సగంలోకి వచ్చేసరికి గాటు మూసుకుపోతుంది.

ఇంకో చిన్న పని ముందు చేసుకోండి. పిడి చివరని రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని బ్లేడ్‌ని కిందికి వేలాడదీసి, ఒక చెక్కపుల్లతో వెన్ను మీద పైనుంచి కిందికి తడుతూ రండి. ఒక చోట తట్టినప్పుడు వేళ్లకి అదురు దాదాపు తెలియదు. అదే ఆ కత్తి అసలు దెబ్బ కొట్టే చోటు, సాధారణంగా బ్లేడ్‌లో నడుమకీ మొనకీ మధ్యలో ఉంటుంది, అక్కడ మార్కర్‌తో గీత పెట్టుకుని అన్ని దెబ్బలూ అక్కడే పడేలా చూడండి. దీన్ని వదిలేసి పిడి దగ్గర కొడుతూ ఈ కత్తి చేతిని అదరగొడుతోంది అంటే అది కత్తి తప్పు కాదు.

ఇప్పుడు లెక్క. దుంగ తెగేదాకా దెబ్బలు లెక్కపెట్టడం కంటే ఒక్కో కత్తితో ఇరవై దెబ్బలు కొట్టి గాటు లోతు స్కేలుతో కొలవడం నయం, చెయ్యి అలిసిపోదు, చివర్లో ఒక నార పట్టుకుని వేలాడితే ఐదు దెబ్బలు ఎక్కువ పడే గొడవ లేదు. వరస కూడా ముఖ్యం, మొదటి కత్తి తాజా చేతికి, చివరిది అలిసిన చేతికి పడుతుంది, అందుకే ఒకటి, రెండు, మళ్లీ రెండు, ఒకటి అని తిప్పి కొట్టి సగటు తీయండి. మధ్యలో నీళ్లు తాగి ఊపిరి తీసుకోండి, తొందరేం లేదు.

లోతు ఒక్కటే రాసుకుని లేవకండి, కింద పడ్డ పేళ్లు తీసి చూడండి. సన్నటి ఫ్లాట్ గ్రైండ్ కత్తి పచ్చి చెక్కలో లోతుకి దిగుతుంది, కానీ పేళ్లు పల్చగా సగం అతుక్కునే ఉంటాయి, ప్రతి నాలుగో దెబ్బకి కత్తి ఇరుక్కుపోయి లాగాల్సి వస్తుంది. కాన్వెక్స్ కత్తి అంత లోతు దిగదు, కానీ ఆ ఉబ్బు చెక్కని పక్కకి తోసి బొటనవేలంత లావు పేళ్లని టప్పున ఎగరేస్తుంది, తర్వాతి దెబ్బకి దారి ఖాళీగా ఉంటుంది. అదే ఎండు గట్టి చెక్క మీదకి వచ్చేసరికి లెక్క మారొచ్చు, సన్నటిదానికి ఇరుక్కునే సమస్య తగ్గుతుంది కానీ అంచు మీద భారం పెరుగుతుంది. అందుకే పచ్చిదీ ఎండుదీ రెండూ కావాలన్నది. ఇరుక్కున్న సార్లు కూడా పక్కన గీతలు పెట్టుకోండి, ఇరుక్కున్న కత్తిని పక్కకి మెలి తిప్పి లాగడం ఎంత ప్రమాదమో కిందే చెప్తాను.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకుందాం, అదే బరువున్న చిన్న గొడ్డలి పక్కన పెడితే లావు దుంగ మీద ఈ కత్తులన్నీ ఓడిపోతాయి. పెద్ద కత్తి గెలిచేది మణికట్టంత లావు కొమ్మల మీద, సన్న కొమ్మలు గబగబా చెక్కేయడంలో, చీల్చడంలో, గొడ్డలికి ఒక్క అంగుళం తప్పితే గాలి తప్ప ఏమీ తగలని చోట పొడవాటి అంచు ఉండటంలో. గొడ్డలి పని కత్తితో చేయించి మార్కులు వేయకండి.

దెబ్బకి ఆగడం: ముందు అంచు, తర్వాతే బ్లేడ్

టఫ్‌నెస్ అనగానే జనం కత్తిని రెండు ముక్కలయ్యేదాకా వంచడం, కాంక్రీటు దిమ్మ మీద కొట్టడం ఊహించుకుంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ ఒక్క కత్తిని విరగ్గొడితే ఆ ఒక్క కత్తి గురించే తెలుస్తుంది, ఆ మోడల్ మొత్తం గురించి కాదు, పైగా అడవిలో ఎవరూ కాంక్రీటు నరకరు. మనకి కావల్సింది విరక్కుండానే ఏది ముందు లొంగుతుందో తెలుసుకోవడం.

మొదటిది ఇత్తడి కడ్డీ పరీక్ష, కత్తులు చేసేవాళ్లు ఎప్పట్నుంచో వాడేది. 6 మి.మీ. గుండ్రటి ఇత్తడి కడ్డీని వైస్‌లో బిగించి, పదును పెట్టిన కోణంలోనే అంచుని దాని మీద ఆనించి మెల్లగా నొక్కుతూ జరపండి. వెలుతురు వెనక నుంచి పడేలా చూస్తే అంచు కడ్డీ మీద సన్నగా వంగడం కళ్లకి కనపడుతుంది, జరిపాక మళ్లీ నిటారుగా వచ్చేయాలి. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, లేదా మరీ సన్నం. చిట్లితే మరీ గట్టి. బలం ఎక్కువ పెడితే ఏ అంచైనా చెడిపోతుంది, అంచు వంగడం కనపడేంత ఒత్తిడి చాలు, అన్నిటికీ ఒకేలా.

రెండోది ముడి. ఇందాక ముడులు లేని దుంగ అన్నాం కదా, ఇప్పుడు కావాలనే ముడి ఉన్న ఎండు చెక్క తీసుకోండి. ఆ ముడి మీద నేరుగా పది దెబ్బలు, అదే పాత గీత దగ్గర. తర్వాత అంచుని కడిగి తుడిచి, దీపం కింద పైకి తిప్పి చూడండి. మంచి అంచు వెలుతురుని వెనక్కి పంపదు, నల్లటి గీతలా ఉంటుంది, ఎక్కడైనా చుక్క మెరిసిందంటే అక్కడ మడతో పెచ్చో ఉంది. ఏదో తేల్చుకోవాలంటే కొంచెం దూదిని వెన్ను వైపు నుంచి అంచు మీదుగా కిందికి జార్చండి, ఒక వైపు మాత్రమే పోగులు తగులుకుంటే అంచు అటు ఒరిగిందని, రెండు వైపులా తగులుకుంటే పెచ్చు లేచిందని. పెచ్చు ఎంత లోతో గోరు చివర పెట్టి జరిపితే తెలుస్తుంది. వేలు కాదండోయ్, గోరు.

నా లెక్కలో అంచు ఒరగడం చిన్న తప్పు, పెచ్చు లేవడం పెద్ద తప్పు. ఒరిగినదాన్ని తోలు పట్టీ మీదో సానరాయి మీదో కాసేపు లాగితే నిలబడుతుంది, పని ఆగదు. పెచ్చు లేస్తే దాని లోతు దాకా అంచు మొత్తం అరగదీయాలి, చేతిలో చిన్న రాయి మాత్రమే ఉంటే ఆ సాయంత్రమంతా అదే పని. అందుకే ఈసీ (ESEE) లాంటి కత్తుల కంపెనీ 1095 ఉక్కుని 55 నుంచి 57 హెచ్‌ఆర్‌సీ (ఉక్కు గట్టిదనం చెప్పే అంకె) దగ్గరే ఆపుతుంది, ఇంకా గట్టిగా చేయగలిగీ చేయదు. అంచు త్వరగా మొద్దుబారుతుంది నిజమే, కానీ చిట్లదు, పదును తిరిగి పెట్టుకోవడం కూడా తేలిక.

ఈ హెచ్‌ఆర్‌సీ అంకె గురించి కూడా చాలా అపోహలు. డైమండ్ మొనని 150 కిలోల బలంతో ఉక్కులోకి నొక్కి ఎంత లోతు దిగిందో కొలిచేదే రాక్‌వెల్ సీ. అది గట్టిదనం, అంతే, టఫ్‌నెస్ కాదు. 60 ఉన్న రెండు కత్తుల్లో ఒకటి ముడి మీద నవ్వుతూ నిలబడుతుంది, ఇంకోటి చిట్లుతుంది. డీ2 తీసుకోండి, కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం, క్రోమియం 12 శాతం దాకా, లోపల పెద్ద పెద్ద కార్బైడ్ గుళికలు, అంటే కార్బన్, లోహం కలిసిన చాలా గట్టి రేణువులు ఏర్పడతాయి, అరుగుదల తక్కువ, కానీ నరికే కత్తికి ఆ గుళికల పక్కనే పగులు మొదలవుతుంది. 5160లో కార్బన్ 0.6 శాతమే, బళ్ల లీఫ్ స్ప్రింగుల ఉక్కు అది, దెబ్బలు తినడానికే పుట్టింది. సీపీఎం 3వీ పౌడర్ పద్ధతిలో, అంటే ఉక్కుని పొడిగా చేసి ఆ పొడిని నొక్కి ముద్ద చేసేది, కార్బైడ్లు చిన్నగా సమంగా ఉంటాయి, 58 నుంచి 60 దగ్గర కూడా బాగా తట్టుకుంటుంది, కానీ అది స్టెయిన్‌లెస్ కాదు, తడిగా వదిలేస్తే మచ్చలు పడతాయి. స్టెయిన్‌లెస్‌లో 14సీ28ఎన్ లాంటి సన్నటి నిర్మాణం ఉన్నవి అనుకున్నదానికంటే బాగా నిలుస్తాయి. అయినా ఉక్కు పేరు సగం కథే, మిగతా సగం హీట్ ట్రీట్‌మెంట్, అంటే ఉక్కుని కాల్చి చల్లార్చే తీరు. ఎక్కువ వేడి చేస్తే లోపల రేణువులు పెరిగిపోతాయి, అలాంటి కత్తి విరిగితే విరిగిన ముఖం మీద పంచదార చల్లినట్టు తళతళలాడుతుంది, బాగా చేసినది బూడిద రంగులో మెత్తగా కనిపిస్తుంది.

నేపాల్‌లో సంప్రదాయంగా చేసే ఖుక్రీకి బ్లేడ్ మొత్తాన్ని నీళ్లలో ముంచరు, ఎర్రగా కాల్చి కెటిల్‌తో అంచు మీద మాత్రమే నీళ్లు పోస్తారు, అంచు గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా ఉండిపోయి దెబ్బని మింగుతుంది. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ వాళ్ల పరీక్ష వెనక కూడా ఇదే ఆలోచన ఉంది: వేలాడే అంగుళం లావు తాడుని ఒక్క వేటుకి కోయాలి, టూ-బై-ఫోర్ చెక్కని (సుమారు 4 బై 9 సెం.మీ. మందం ఉన్నది) రెండుసార్లు నరకాలి, ఆ తర్వాత కూడా అదే అంచుతో చేతి మీద వెంట్రుకలు గొరగాలి, చివరికి బ్లేడ్‌ని 90 డిగ్రీలు వంచితే విరక్కూడదు. చివరిదాన్ని మీ కత్తి మీద చేయకండి, ఆ పరీక్ష కోసమే వెన్ను మెత్తగా చేసిన కత్తులవి. మొదటి మూడూ కలిసి ఒకే అంచు మీద ఒకే వరసలో రావడంలోనే విషయం ఉంది, నరికి నరికి, ఆ తర్వాత కాగితం కోయించి చూడండి. నరకడానికి ముందు కాగితం కోయడం ఏ కత్తికైనా వస్తుంది.

చీల్చడం, మెలి, మొన

బాటనింగ్, అంటే కత్తిని దుంగ తల మీద పెట్టి వెన్ను మీద కర్రతో కొట్టి చీల్చడం. దుంగ లావు బ్లేడ్ పొడవు కంటే కనీసం 5 సెం.మీ. తక్కువ ఉండాలి, లేకపోతే కొట్టడానికి మొన బయట మిగలదు. సుత్తి వాడొద్దు, చెక్క దుడ్డుకర్రే వాడాలి. పిడిని దుంగతో సమంగా నేలకి అడ్డంగా ఉంచాలి, మొన మీద కొట్టినకొద్దీ పిడి పైకి లేస్తుంది, ఆ లేవడమే పిడి మొదట్లో మొత్తం భారం వేసేది.

కత్తులు విరిగేది కూడా ఎక్కువగా అక్కడే, బ్లేడ్ పిడిలోకి పోయే చోట. కొనే ముందే భూతద్దం పెట్టి చూడండి. ఆ మలుపులో లోపలి మూల గుండ్రంగా తిరిగిందా, పదునైన 90 డిగ్రీల గీతలా ఉందా? గీతలా ఉంటే భారమంతా ఆ ఒక్క గీత మీద పోగవుతుంది, పగులు అక్కడ్నుంచే. వెన్ను మీద రంపపు పళ్లు, బొటనవేలు జారకుండా తీసే జింపింగ్ గాట్లు లోతుగా ఉండటం, పిడిలోపల ఇనుములో పెద్ద పెద్ద కన్నాలు, ఇవన్నీ అదే జాతి. పిడిలోపలికి పోయే ఇనుముని టాంగ్ అంటారు, అది పిడి అంత వెడల్పుగా చివరిదాకా ఉంటే ఫుల్ టాంగ్. ఫుల్ టాంగ్ అని రాస్తే సరిపోదు, ఆ టాంగ్‌లో బరువు తగ్గించడానికి ఎన్ని కన్నాలు తీశారో చూడాలి, దాచేవాళ్లుంటారు. గుండ్రటి మూలలున్న సన్నటి టాంగ్, కన్నాలతో నిండిన ఫుల్ టాంగ్ కంటే నయం.

బాటనింగ్‌లో ముడి ఉన్న దుంగ, ముడి లేని దుంగ రెండూ చీల్చి, ప్రతి దాని తర్వాత బ్లేడ్‌ని కంటి ఎత్తున పెట్టి వెన్ను వెంట చూడండి, తిన్నగా ఉందా, ఒక వైపు పోయిందా. పిడి ముక్కల దగ్గర సందు కనిపిస్తుందా, స్క్రూలు వదులయ్యాయా.

మెలి పరీక్ష జాగ్రత్తగా. నరికేటప్పుడు కత్తి ఇరుక్కుంటే పక్కకి తిప్పి లాగుతాం, నిజ జీవితంలో అంచుని నాశనం చేసేది ఎక్కువగా ఈ పనే, దెబ్బ కాదు. అంచు రెండు వైపుల నుంచి నొక్కుడుకి చేసింది కాదు. మెత్తటి చెక్కలో మొనని ఒక సెం.మీ. దింపి మెల్లగా పక్కకి తోసి చెక్క పేడుని లేపండి, ఐదారుసార్లు. ఇక్కడ సన్నటి మొన ఉన్న కత్తికి మార్కు తగ్గుతుంది, అదే కత్తి గుచ్చే పనిలో ముందుంటుంది, అదొక బేరం. చలి మరీ ఎక్కువున్న చోట వాడేవాళ్లైతే ఇంకో సంగతి, గడ్డకట్టే చలిలో ఉక్కు పెళుసెక్కుతుంది, గడ్డకట్టిన చెక్క కూడా రాయిలా ఉంటుంది, అక్కడ అంచు ఇంకొంచెం మొద్దు కోణంలో, 22 నుంచి 25 దాకా పెట్టుకోవాలి.

చెయ్యి ఏమంటోంది

ఉక్కు గురించి ఇంత మాట్లాడి పిడిని వదిలేస్తే ఎలా. వంద దెబ్బలు కొట్టాక అరచేయి చూడండి, ఎక్కడ ఎర్రబడిందో అక్కడ పిడి మూల ఉంది. మైకార్టా, అంటే గుడ్డ పొరలని రెసిన్‌తో అతికించి చేసింది, తడిలో పట్టు ఇస్తుంది, మూలలు ఎమెరీతో మీరే గుండ్రం చేసుకోవచ్చు. జీ10, అంటే గాజు పోగుల గుడ్డతో అలాగే చేసింది, బలమైనది కానీ నున్నగా చేస్తే తడిలో జారుతుంది. రబ్బరు అదురుని మింగుతుంది, చాలాసేపు కొడితే చర్మాన్ని లాగుతుంది. అన్నిటికంటే ముఖ్యం పిడి వెనక కిందికి వంగిన కొక్కెం లాంటి చివర, చిటికెనవేలు అక్కడ ఆగుతుంది, అది లేని నున్నటి తిన్నటి పిడి ఉంటే ఎంత గొప్ప బ్లేడ్ అయినా నరకడానికి నేను సిఫార్సు చేయను.

ఇప్పుడు కాగితం మీద రాసినవి పక్కపక్కన పెట్టుకుని మీ పని ఏదో చూసుకోండి. ఎక్కువగా పచ్చి కొమ్మలు, దారి చేసుకోవడం అయితే పొడవైన, ముందుకి తూకం ఉన్న ఫ్లాట్ గ్రైండ్ తీసుకుని అప్పుడప్పుడు ఇరుక్కోవడం భరించండి. ఎండు కట్టెలు చీల్చి నిప్పు చేసుకోవడమే అయితే కాన్వెక్స్ లేదా సేబర్, 15 నుంచి 18 సెం.మీ. చాలు. ఒకే కత్తి, చుట్టుపక్కల రిపేరుకి దారి లేదు అంటే నరుకుడులో రెండో స్థానంలో ఉన్నా సరే, ముడి మీద పెచ్చు లేవని కత్తి తీసుకోండి, నేనైతే అదే చేస్తాను. రెండు మార్కులూ దగ్గర దగ్గరగా వస్తే తేలికైనది తీసుకోండి, బరువు కత్తి ఇంట్లోనే ఉండిపోతుంది.

కొనేముందు వారంటీ చదవండి, చాలా కంపెనీలు నరకడం, బాటనింగ్ చేస్తే మాకు సంబంధం లేదని చిన్న అక్షరాల్లో రాస్తాయి, ఈసీ లాంటివి కొన్ని ప్రశ్నలడక్కుండా జీవితకాలం అంటాయి. పరీక్షలు అయ్యాక చెట్టు జిగురుని నూనె గుడ్డతో తుడిచి, తడి ఆరనిచ్చి, కార్బన్ ఉక్కు అయితే పల్చగా నూనె రాయండి, తోలు ఒరలో పెట్టి వదిలేస్తే తోలులో తేమకి తుప్పు పడుతుంది, దాచిపెట్టేటప్పుడు కత్తి వేరు, ఒర వేరు.